నా పిక్క మీద జలగ

తొంభైల చివర్లో చింతపల్లి దగ్గరి కొండ ఊరికి కొత్త పాస్టరుగా వెళ్లాను. ఒక వానాకాలపు ఆదివారం, యేసు శిష్యుల పాదాలు కడిగినట్టు నేనూ కడిగి ప్రేమకు మాదిరి చూపిద్దామని, ప్యాంటు మడిచి, చెంబూ పళ్లెంతో ముసలి సోములమ్మ ముందు మోకరించాను. చూస్తే నా పిక్కకే బొటనవేలంత జలగ! కెవ్వుమని అరిచి పళ్లెం తన్నేశాను. చర్చంతా నవ్వు.

“ఏటయ్యగోరూ, జలగకే ఇంత బయమా? కాలు ఇలాగెట్టండి” అంటూ సోములమ్మ నా పాదం ఒళ్లో పెట్టుకుంది. కిందటి వారం నేను పాపమని తిట్టిన చుట్టనే కొంగుముడిలోంచి తీసి, తడిపి, జలగకు అద్దింది. అది రాలగానే నా చెంబు నీళ్లతోనే కాలు కడిగి, చెంగుతో తుడిచింది.

“ఇంక సెప్పండయ్యా, వాక్యం” అంది.

ఇప్పటికీ పాదాలు కడిగే ఆ వాక్యం చదివేముందు పిక్కలు తడుముకుంటాను.