లోడెక్కాక రమ్మన్న వీర్రాజు గారు

మొన్న సాయంత్రం కడియం నుంచి స్కూటరు మీద ఇంటికొస్తుంటే కాలవ గట్టు మలుపులో ఓ లారీ ఎదురైంది. తెల్లటి లైట్లు సూటిగా కళ్ళల్లో పడ్డాయి. రోడ్డు లేదు, గట్టు లేదు, హ్యాండిల్ మీదున్న నా చేతులే నాకు కనపడలేదు. కాలు కింద పెట్టి ఆగిపోయాను. బండి దాటిపోయాక కూడా కళ్ళ ముందు పచ్చటి మచ్చలు తిరుగుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. ఆ డ్రైవర్ని నాలుగు తిడదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. తిట్టడానికి నాకు మొహం ఎక్కడిది? వీర్రాజు గారు గుర్తొచ్చారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసిన మా ఊరివాళ్ళకేమో ఆయన గురించి తెలిసింది అబద్ధం. ఆ అబద్ధం నాది.

వీర్రాజు గారు లారీలకి కరెంటు పని చేసేవారు. మా రోడ్డు హైవేలో కలిసేచోట రేకుల షెడ్డు. నేను లారీ కొనుక్కుని, నర్సరీ మొక్కలు పై రాష్ట్రాలకి తోలడం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. వైరు కాలబోయే ముందు వచ్చే వాసన దగ్గర్నుంచి, బ్యాటరీ నీళ్ళ దాకా. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన షెడ్డులో ఓ పాత సైకిలుండేది, తొక్కడానికి కాదు. లైట్లు బిగించిన ప్రతి బండికీ ఎదురుగా, పాతిక అడుగుల దూరంలో దాన్ని స్టాండేసి, బండి ఓనర్ని దానిమీద కూర్చోమనేవారు. ఎంత పెద్ద షావుకారైనా సరే, పంచె ఎగ్గట్టి ఆ సైకిలెక్కి లైట్లకేసి చూడాల్సిందే. కళ్ళు చికిలించాడా, మళ్ళీ స్క్రూడ్రైవర్ తీసేవారు. జనం నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

ఓసారి నాగపూర్ దారిలో, ఆగిపోయి ఉన్న ట్రాక్టర్ని ఆఖరి నిమిషంలో చూశాను. ఎలాగో పక్కకి కోసి తప్పించాను. పాత బల్బులు గుడ్డిదీపాలైపోయాయని, అందరూ వేయించుకుంటున్న తెల్లటి ఎల్ఈడీలు పెట్టమని తిరిగొచ్చీ రాగానే బాబాయ్ మీద పడ్డాను. ఆయన ససేమిరా అన్నారు. నా లారీ లైటు డొప్ప మామూలు బల్బు కోసం చేసిందట, అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద పడకుండా చెట్ల మీదకీ మనుషుల మీదకీ చెదిరిపోతుందట. వానలోనూ మంచులోనూ ఆ తెలుపు తిరిగి మన మొహం మీదే కొడుతుందట. కావాలంటే ఎక్కువ వాట్ల హాలోజెన్ బల్బు పెట్టి, దానికి తగ్గ లావు వైరు వేస్తానన్నారు. ఫలానా వాళ్ళ బండికి ఎల్ఈడీలున్నాయి కదా అని నేను గునిశాను.

"నీకు రోడ్డు కనపడాలి. ఎదర వచ్చేవాడికీ కనపడాలి. ఆ రెండోది అక్కర్లేదనుకునేవాడికి నేను లైటు కట్టనురా సూరిబాబూ" అన్నారు.

సరేనన్నాను. రోజంతా కూర్చుని పని చేశారు. ఖాళీ బండి ముందు సైకిలెక్కించారు, బాగానే ఉంది. అప్పుడు చెప్పారు, ఇది సగం పనే అని. మొక్కలు మట్టి సంచులతో ఎక్కుతాయి కదా, ఆ బరువుకి లారీ వెనక్కి కుంగి మూతి పైకి లేస్తుంది, నేల చూసే లైటు మనిషి కళ్ళు చూస్తుంది. అందుకని, లోడెక్కాక నేరుగా ఇటే తీసుకురా, అప్పుడు మళ్ళీ దించి బిగిస్తాను అని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

నేను వెళ్ళలేదు. కారణం పెద్దదేమీ కాదు, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. కొబ్బరి మొక్కల లోడు ఆలస్యమైంది, పొద్దు గుంకింది, నర్సరీ ఆయన బయల్దేరమని తొందర పెడుతున్నాడు. పైగా మళ్ళీ ఆ సైకిలెక్కి నలుగురిలో నవ్వులపాలవడం దేనికనిపించింది. కొత్త లైట్లు వేసుకుని గట్టు మీద దర్జాగా వెళ్తున్నాను. ఎదురుగా అప్పన్న గారు సైకిలు మీద వస్తున్నారు. నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టడంలో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాను. ఆ మరుక్షణం గట్టు మీద మనిషి లేడు.

బండాపి కాలవలోకి దూకి, రాళ్ళ మధ్య ఇరుక్కున్న మనిషిని పైకి లాగాను. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం నుజ్జయింది. తర్వాత కట్టు విప్పినా వేళ్ళు మడతపడలేదు. అంటు కట్టేవాడికి వేళ్ళు పోతే ఇంకేం మిగులుతుంది?

మర్నాడు నర్సరీ పాకలో పెద్దమనుషులు కూర్చున్నారు. స్పీడుగా వెళ్ళలేదని, రోడ్డుకి నా ఎడమ పక్కనే వెళ్ళానని చెప్పాను. అది నిజమే. లైట్లు కళ్ళల్లో కొట్టాయని అప్పన్న గారు ఆస్పత్రి మంచం మీంచి చెప్పారట. వీర్రాజు గార్ని పిలిపించారు. ఈ లైట్లు కట్టింది మీరేనా అండి అనడిగితే, నేనేనండి అన్నారు. సరిగ్గా చూసే కట్టారా అని మళ్ళీ అడిగారు.

ఆయన నాకేసి చూశారు. కోపంగా కాదు. లోడెక్కాక రమ్మన్నారండి, నేనే వెళ్ళలేదు అని నేను చెప్తానని ఎదురుచూశారు. రెండు ముక్కలు, అంతే. లైసెన్సు పోతుందేమో, బండి తిప్పనివ్వరేమోనన్న భయంతో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పాకలో ఎవరో దగ్గారు. చివరికి ఆయనే తల దించుకున్నారు.

"సరిగ్గా దించలేదండి. నా తప్పే."

ఆ తర్వాత ఊళ్ళో లారీలు ఆయన షెడ్డు ముందు ఆగడం మానేశాయి. కన్ను ఆనని ముసలాడి చేత పని చేయిస్తే ఇలాగే ఉంటుందన్నారు. అన్న నోళ్ళేవీ నేను మూయించలేదు. అంతకన్నా నీచం ఇంకోటుంది. ఆయన మొహం చూడలేక నా బండీ రావులపాలెం తీసుకెళ్ళి చేయించుకున్నాను. సూరిబాబే వెళ్ళడం మానేశాడంటే చూసుకోండి అని జనం దాన్నే సాక్ష్యంగా చెప్పుకున్నారు.

రెండేళ్ళ తర్వాత, ఆయన మంచాన పడ్డారని తెలిసి వెళ్ళాను. కూర్చోమన్నారు, పిల్లల్నడిగారు. కాసేపటికి, అప్పన్నకి చెప్పావా అన్నారు. లేదు బాబాయ్ అన్నాను.

"నిన్ను నేను కాపాడేనని అనుకోకు. నువ్వు చెప్తావని ఆగేను. ఎంతసేపు ఆగేనో నీకు తెలుసు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ ఆషాఢంలోనే పోయారు.

ఇప్పుడు నాకు రెండు లారీలు. లోడెక్కాక లైట్లు దించకుండా ఏ బండీ కదలనివ్వను. సూరిబాబు గారు చాలా జాగ్రత్త మనిషండి అంటారు డ్రైవర్లు. ఒళ్ళు మండిపోతుంది ఆ మాట వింటే, ఎవరి మీదో కాదు.

అప్పట్లో, బాబాయ్ దినం అయిన మర్నాడు, ఇవాళ చెప్పేస్తానని గట్టిగా అనుకుని అప్పన్న గారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి, పోయినవాణ్ణి అనకూడదు గానీ ఆ వీర్రాజు నా పొట్ట కొట్టేశాడు బాబూ, ఆయన దినానికి నేను వెళ్ళలేదు అన్నారు. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆయన ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు దూకి లాగబట్టి ఉన్నాను. నీ రుణం తీర్చుకోలేను."

"అయ్యో, దానికేముందిలెండి" అన్నాను.