ఒక్క నంబరు మీది మనుషులు

నిన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ చేతిలోకి తీసుకుంటే, అప్‌డేట్ అవుతోంది, కాసేపు ఆగమని తెరమీద రాసి ఉంది. మా ఇంట్లో వాళ్లకు అదొక లెక్కలోకి వచ్చే సంగతే కాదు గానీ, నాకు మాత్రం అది పూర్తయ్యేదాకా చాయ్ గొంతు దిగలేదు. ఆ మాట చూస్తే ఇప్పటికీ నాకు భయమే. నవ్వకండి, ఎందుకో చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో బాన్సువాడ బస్టాండు దగ్గర మాకొక చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. పెళ్లి కార్డులు, పరీక్షల రిజల్ట్స్, దరఖాస్తులు టైపు చేయడం మా పని. మా మరిదికి ఊరి పనులంటే మహా ఉబలాటం. అతనూ అతని దోస్తులూ కలిసి, రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు దాచుకునే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపలి రాత కూడా మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. దవాఖాన నుంచి ఫోన్ వస్తే నేను గ్రూపు కొట్టి చూసి, ఎవరిని పిలవాలో చెప్పేదాన్ని. ఊళ్ల వెంట తిరిగి, క్యాంపులు పెట్టి పోగుచేసిన పేర్లవి. నాకు వాటి మీద ఎంత గర్వమో చెప్పలేను.

అయితే ఆ ప్రోగ్రాం పాతబడింది. అది ఏ చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్, మీద నిలబడిందో ఆ చట్రం తయారుచేసిన వాళ్లే, ఇది వదిలేయండి, ఇందులో కన్నాలున్నాయి, మీ వాళ్ల వివరాలు ఎవరైనా లాగేస్తారు అని రాసేశారు. మార్చక తప్పదు. ఒకరోజు పొద్దున్నే పాతదంతా సీడీ మీదికి కాపీ చేసుకుని కూర్చున్నాను. చట్రం మారిస్తే దాని మీద ఆధారపడ్డ లైబ్రరీ అనే తోడు ప్రోగ్రాం పనిచేయదు, దాన్ని మారిస్తే ఇంకోటి కావాలంటుంది. పాత ఇంట్లో ఒక్క దూలం కదిపితే కప్పంతా కిర్రుమన్నట్టు తెరనిండా ఎర్ర గీతలే. ఒక్కొక్కటే సరిచేస్తూ పోతే, మధ్యాహ్నానికి తెర తెల్లగా తెరుచుకుంది. హమ్మయ్య అని నీళ్లు తాగాను.

ఆ గ్లాసు ఇంకా కింద పెట్టలేదు, ఫోన్ మోగింది. మా ఊరి దవాఖాన నుంచి మా చెల్లె మొగుడు. చెల్లెకు అప్పుడు నెలలు నిండాయి. ఎన్నడూ తొణకని మనిషి. ఆ రోజు పలకరింపు కూడా లేకుండా అందుకున్నాడు.

"వదినా, రక్తం ఆగుతలేదు. బి నెగటివ్ కావాల్నంట. నిజామాబాద్‌ల సుత లేదంట, ఇచ్చేటోళ్లను ఎంబడి తీస్కపొమ్మంటుండ్రు. జర జల్ది సూడు."

గ్రూపు కొట్టాను. ఎవరూ లేరని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. పక్కనున్న బీర్కూర్ ఊళ్లో ఆ గ్రూపు వాళ్లు ఒకరున్నారని నాకు బాగా తెలుసు, పేరే గుర్తు లేదు. బీర్కూర్ తెరిస్తే ఊరి మొత్తానికి ఒకే ఒక్క పేరు మిగిలి ఉంది, అదీ వేరే గ్రూపు! తక్కినవాళ్లందరూ ఏమయ్యారు దేవుడా అని తల పట్టుకున్నాక తట్టింది. మన వయసు వాళ్లకు పీపీ నంబరంటే వివరించి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు కిరాణా కొట్టు నంబరే తమ నంబరుగా ఇచ్చేవారు, ఫోన్ వస్తే కొట్టువాళ్లు కేకేసి పిలిచేవారు. బీర్కూర్ వాళ్లంతా ఒకే కొట్టు నంబరిచ్చారు. కొత్త లైబ్రరీ రాసిన మహానుభావుడెవరో, ఒక నంబరుంటే ఒక మనిషేనని అనుకున్నాడు. అందరినీ ఒక్కరిగా కలిపేసి, చివరి పేరు ఉంచి మిగతావి తుడిచేశాడు.

సీడీ తీసి మిషన్‌లో పెట్టానో లేదో, కరెంటు పోయింది. అది రోజూ పోయే వేళే. పాత చట్రంతో సహా అంతా మళ్లీ ఎక్కించడం గంటలు పట్టే పని, యూపీఎస్ నిమిషాలే ఆగుతుంది. అది కుయ్ కుయ్‌మని అరుస్తుంటే ఆ అరుపు మా చెల్లెదే అనిపించింది. నిజం చెబుతున్నా, అంత భయం నా జీవితంలో మళ్లీ ఎరగను. తెర ఆరిపోయేలోపు ఆ ఒక్క నంబరు చేతిమీద రాసుకుని ఫోన్ తిప్పాను. కొట్టు అవ్వ ఎత్తింది. ఏడుస్తూనే సంగతి చెప్పి అడిగాను: మీ ఫోన్ నంబరిచ్చిన వాళ్లలో ఎవరిది బి నెగటివో గుర్తుందా అని.

"నాకేమెరుక బిడ్డా గవన్నీ. నువ్వు ఏడ్వకు. నా ఫోను నంబరిచ్చినోళ్లనందర్నీ దవాఖానకు తోల్త, నువ్వే సూస్కో" అని పెట్టేసింది.

ఎవరొస్తారు, వచ్చేసరికి చెల్లె ఉంటుందా అనుకుంటూ దవాఖాన గేటు పట్టుకుని నిలబడ్డాను. మా మరిది నిజామాబాద్‌కు బండి మాట్లాడి సిద్ధంగా ఉంచాడు. లోపల చెల్లె నన్ను పిలుస్తోంది, నాకేమో మొహం చూపించే ధైర్యం లేదు. చివరికి ఒక ట్రాక్టర్ ట్రాలీ మలుపు తిరిగింది. బురద కాళ్లతో మడిలోంచి ఎక్కినవాళ్లు, ఒళ్లోని బీడీలు చుట్టే చాట పక్కకు నెట్టి లేచొచ్చినవాళ్లు, రక్తం ఇచ్చే ఈడు ఎప్పుడో దాటిన ముసలాయన కూడా. అందరూ వరుసగా వేళ్లు చాపారు. సూది గుచ్చడం, కాదనడం, గుచ్చడం, కాదనడం. వరుస తరుగుతూ పోయింది. చివరన ఉన్న బీడీల అక్క వేలు గుచ్చి, ఇదే అన్నారు. ఆమె కొంగు బిగించి, ఇంటికి కబురు చెప్పమని తోటివాళ్లతో ఒక్క మాట అని, చెల్లె పక్కన బండెక్కింది.

చెల్లె బతికింది. బిడ్డా బతికింది. పాత కాపీ మర్నాడు ఎక్కించి, ఒకే నంబరు చాలామందికి ఉండవచ్చని ఆ ప్రోగ్రాం లోపల నా చేత్తోనే మార్చుకున్నాను.

ఇప్పుడు ఆ మార్పు ఎవరికీ అక్కర్లేదు, ఎవరి ఫోన్ వాళ్ల జేబులోనే ఉంది. మొన్న ఒక బాలింతకు రక్తం కావాలంటే మా మరిది వరసగా ఫోన్లు చేశాడు. కొందరు ఎత్తలేదు, కొందరు తెలియని నంబరని కట్ చేశారు. ఎలాగో ఒకతను దొరికాడు లెండి. తప్పు ఎవరిదనీ కాదు, పనులు మనకూ ఉంటాయి. కానీ ఒక నంబరుకు ఒకే మనిషని ఆనాడు ఆ మిషన్ అంటే, నీకేం తెలుసు మా ఊళ్ల సంగతి అని తిట్టుకున్నదాన్ని. ఇవాళ అది అన్నదే నిజమైంది. మా చెల్లెకు మళ్లీ అట్లాంటి గడియే వస్తే, ఒక్క ఫోన్‌తో ఒక వాడంతా కదిలొచ్చే నంబరు నా దగ్గర లేదు.