ఏటిగట్టు వీధిలో ఆఖరి అభ్యంతరం

మా అత్తయ్యకు అభ్యంతరం ఉంది. దేనికని అడక్కండి. లోకంలో ఉన్నవాటన్నిటికీ ఉంది, లేనివాటికి అవి లేనందుకు ఉంది. పొద్దున్నే ఎండ కిటికీలోంచి నేరుగా కళ్లలో పడితే "నాకో అభ్యంతరం ఉంది" అంటుంది. మబ్బు పట్టి ఎండ రాకపోతే ఉతికిన బట్టలు ఎలా ఆరతాయని మళ్లీ అదే మాట. ఆ మాట అనేముందు కుడిచెయ్యి పైకెత్తి వేలు నిలబెడుతుంది. ఆవిడ దర్జీ కాబట్టి, సూది గుచ్చుకోకుండా ఆ వేలికి ఎప్పుడూ ఒక ఇత్తడి తొడుగు ఉంటుంది. ముందు ఆ తొడుగు తళుక్కుమంటుంది, వెనకాలే గొంతు వినిపిస్తుంది. మెరుపు చూడగానే ఉరుముకు సిద్ధపడటం మా చుట్టాలందరికీ అలవాటైపోయింది.

ఆవిడ మా నాన్నకు అక్క. పైన ఇల్లు, కింద బట్టలు కుట్టే కొట్టు. మావయ్య ఉద్యోగం మానేశాక ఆ కొట్లోనే ఓ మూల కూర్చుని బొత్తాలు కుడుతుంటాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య ఒక్కటే. ఏ పని చేసినా ముందు "అభ్యంతరం లేదుగా?" అని అడగడం. కిటికీ తెరిచేముందు అడుగుతాడు, తుమ్మేముందు వీలైతే అడుగుతాడు.

అసలు వాళ్ల పెళ్లి మాటే అభ్యంతరంతో మొదలైంది. కుర్రతనంలో మావయ్య ఎంతో ధైర్యం కూడగట్టుకుని, మధ్యాహ్నం వేళ అత్తయ్య ఇంటి ముందు నిలబడి, "మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానండీ" అన్నాడట.

"నాకో అభ్యంతరం ఉంది."

మావయ్య వెనక్కి తిరగబోయాడు. అత్తయ్య తాపీగా, "అంత ఎండలో నిలబడి అడుగుతున్నారు. ముందు నీడలోకి రండి" అందట. నీడలోకి వచ్చేసరికి ఆయన ఏం అడగాలో మర్చిపోయాడు. మిగతాదంతా ఆవిడే అడిగేసుకుంది.

నా పెళ్లిలోనూ అంతే. ఫొటోలాయన చుట్టాలందర్నీ వరసలు మార్చి మార్చి నిలబెడుతున్నాడు. అటువైపు వాళ్లు, ఇటువైపు వాళ్లు, పొడుగువాళ్లు, పొట్టివాళ్లు. ఉన్నట్టుండి వేలు లేచింది.

"నాకో అభ్యంతరం ఉంది. తీసిన ఫొటోలు చాలు. అందరూ భోజనాలకు పదండి."

"ఇంకా పెళ్లికూతురు తరఫు వాళ్లది ఉందమ్మా!"

"పెళ్లికూతురు ఉంది కదా, అది చాలు. పదండి."

ఆయన ఆ కంగారులో కెమెరా మీట నొక్కేశాడు. మా పెళ్లి ఆల్బమ్‌లో చివరి ఫొటో నిండా అత్తయ్య వేలే ఉంటుంది. ఆ ఫొటోలాయన ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే వీధి మారిపోతాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అత్తయ్య ఇల్లు ఎప్పుడో గెలిచేసింది. రచ్చ కోసం ఎదురుచూస్తుంటే నగరపాలక సంస్థవాళ్లు ఆ ముచ్చట కూడా తీర్చారు. నేను పనిచేసేది ఆ ఆఫీసులోనే. సభలు జరిగితే కుర్చీలు వేయించడం, మాట్లాడేవాళ్లకు మైకు అందించడం నా పని. కాబట్టి ఇక చెప్పబోయేదంతా నా చేతిలో మైకు ఉండగా జరిగిందే.

అత్తయ్య వాళ్లది ఏటిగట్టు వీధి. ఒక పక్క ఇళ్లు, కొట్లు. ఇంకో పక్క ఏరు. మధ్యలో ఏటికంటే జోరుగా పారే రోడ్డు. లారీలు, బస్సులు, కార్లు. అక్కడ ఏరుందని చాలామందికి వీధి పేరు చూసే తెలిసేది. మావయ్యకు మోకాలి నొప్పి. ఒకసారి ఏరు చూద్దామని బయల్దేరి రోడ్డు మధ్య గట్టు దాకా వెళ్లి, ముందుకూ వెనక్కూ పోలేక అక్కడే చిక్కుబడిపోయాడు. చివరికి అత్తయ్య వెళ్లి, వేలెత్తి లారీలను ఆపి, ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఆయన మేడమీద కిటికీలోంచే ఏరు చూసేవాడు, అది కూడా లారీకీ లారీకీ మధ్య.

"ఏటి పక్కన కాపురం పెట్టి, ఏరు చూడ్డానికి సందు వెతుక్కోవాలట్రా?" అని అత్తయ్య నా మీద కేకలేసేది. ఆ రోడ్డు నేనే వేయించినట్టు.

అందుకే, బళ్లన్నిటినీ ఊరి బయటి రోడ్డు మీదకు మళ్లించి ఏటిగట్టు వీధినంతా పార్కు చేస్తారన్న వార్త రాగానే అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. మావయ్యకు ఏటి ఒడ్డున వేసుకోవడానికని కొత్త చొక్కా కూడా కుట్టేసింది. సరే, ఈ ఒక్క విషయంలోనైనా అభ్యంతరం ఉండదులే అని నేను నిశ్చింతగా ఉన్నాను. నా తెలివి అంత మాత్రం.

జనం అభిప్రాయం అడగడానికి పెట్టిన మొదటి సభ గ్రంథాలయం హాల్లో జరిగింది. ఇంజనీరుగారు కొత్తగా వచ్చినవాడు, మంచి ఉత్సాహంగా ఉన్నాడు. గోడకు పెద్ద ప్లాను తగిలించి, ఇక్కడ చెట్లు, ఇక్కడ బెంచీలు, ఇది నడిచే దారి, ఇది సైకిళ్ల దారి అని చక్కగా వివరించి, చివర్లో ఆనవాయితీగా అడిగాడు.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

పుట్టినప్పట్నుంచీ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్న మనిషి మూడో వరసలో కూర్చుని ఉందని పాపం ఆయనకేం తెలుసు? ఇత్తడి తొడుగు తళుక్కుమంది. నేను మైకు పట్టుకుని పరిగెత్తాను.

"నా గొంతుకి మైకెందుకురా? అవతలకి తియ్యి. బాబూ, ఆ బెంచీలకు వెనక ఆనుకోవడానికి ఏం లేదేం?"

"అది కొత్త డిజైనండీ. చూడ్డానికి బాగుంటుంది."

"చూడ్డానికైతే గోడకు తగిలించుకోండి. కూర్చోడానికైతే నడుముకు ఆసరా ఉండాలి."

ఆ రోజు బెంచీలతో ముగిసింది. రెండో సభలో దీపాలు. అవి నేరుగా పడకగదుల్లోకి వెలుగు కొడతాయట. మూడో సభలో ఆవిడ ప్లానంతా ఆ చివర్నించి ఈ చివరిదాకా వేలితో వెతికి, "ఇంతమంది వచ్చి తిరిగే చోట మరుగుదొడ్డి ఏది నాయనా? ఏటి ఒడ్డు కదా అని వదిలేశారా?" అంది. ఇంజనీరుగారు ప్లాను చుట్టుకుని వెళ్లిపోయాడు. సభసభకూ ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒకసారి తెలివిగా మాట మార్చి, "అందరికీ సమ్మతమేనా?" అని చూశాడు.

"అలా అడగడానికే నాకు అభ్యంతరం" అంది అత్తయ్య.

ఇక్కడ పంక్చరాయన గురించి చెప్పాలి. అత్తయ్య కొట్టు పక్కనే, రోడ్డు వారగా వేసిన రేకుల షెడ్డులో టైర్లకు పంక్చర్లు వేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన టైర్లు దొర్లి తన గుమ్మంలోకి వస్తున్నాయని అత్తయ్యకు అభ్యంతరం. గాలిమిషను మోతకు అభ్యంతరం. ఒకసారి ఆయన మసిచేత్తో తలుపు తడితే, ఆ అయిదు వేళ్ల గుర్తును వారంపాటు వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఆయన మాత్రం దేనికైనా "అలాగేనమ్మా" అనేవాడు. పార్కు వస్తే వీధిలో బళ్లుండవు. బళ్లు లేకపోతే పంక్చర్లుండవు. ఈ లెక్క అందరికీ తెలుసు. ఎవరైనా అడిగితే ఆయన ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటూ, "మంచిదేగా, నలుగురూ తిరుగుతారు" అనేవాడు.

అత్తయ్యకు ఒక్క దెబ్బకు రెండు పిట్టలు పడబోతున్నాయని వీధంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

ఆఖరి సభ వచ్చింది. మేయరమ్మ స్వయంగా వచ్చి కూర్చుంది. "ఈ రోజు తీర్మానం అయిపోవాలి. కాకపోతే మంజూరైన పని వెనక్కి పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను" అని ముందే హెచ్చరించింది. మావయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పంక్చరాయన ఆఖరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంజనీరుగారు ప్లాను విప్పాడు. బెంచీలకు ఆసరాలు వచ్చాయి, దీపాలు తల వంచుకున్నాయి, మరుగుదొడ్లు రెండు చోట్ల వెలిశాయి. ఆయన గొంతు తడుపుకుని, కళ్లు మూసుకుని అడిగాడు.

"ఎవరికైనా... అభ్యంతరాలు?"

తళుక్కుమంది.

హాలంతా ఉసూరుమంది. "అమ్మా, మీకు దణ్ణం పెడతాం, పార్కు రానివ్వండి!" అని ఎవరో అరిచారు. అత్తయ్య లెక్కచెయ్యకుండా ప్లాను దగ్గరికి నడిచి, ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ ఈ ఎర్ర చుక్కలేమిటి బాబూ?"

"గులాబీలండీ. పూలమడి."

"ఇక్కడ పంక్చర్ షెడ్డుంది కదా."

"అది తీసేస్తామండీ. మీ కొట్టంటే మీ సొంత ఇంట్లో ఉంది. అది రోడ్డు స్థలంలో ఉంది. పైగా పార్కులో కొత్తగా దుకాణాలు పెట్టకూడదని రూలు. బళ్లే లేనప్పుడు పంక్చర్లతో పనేముందండీ?"

"ఈ సైకిళ్ల దారి గీసింది మీరేనా?"

"నేనేనండీ."

"సైకిలు టైరులోకి గాలి దానంతటదే వస్తుందా? ట్యూబు పగిలితే గులాబీలకు చెప్పుకోవాలా?"

ఎవరో నవ్వారు. మేయరమ్మ నవ్వలేదు. "అమ్మా, టైమైపోతోంది. ఒక్క షెడ్డు కోసం ఊరందరి పార్కు ఆగిపోవాలా?"

"ఆగకూడదు. అందుకే త్వరగా తేల్చండి. ఇది తేలకుండా నా వేలు దిగదు."

అప్పుడు వెనకనుంచి కుర్చీ కదిలిన చప్పుడైంది. పంక్చరాయన లేచి నిలబడ్డాడు. సభల్లో ఆయన గొంతు వినడం అందరికీ అదే మొదటిసారి. "నాకేం అభ్యంతరం లేదండీ. నా మూలాన పని ఆగొద్దు" అన్నాడు.

అత్తయ్య గిర్రున తిరిగింది.

"నీకు లేదని నాకు తెలుసయ్యా! నీకు అభ్యంతరం చెప్పడం చేతనైతే నేనెందుకు ఇక్కడ నిలబడతాను? కూర్చో!"

"అలాగేనమ్మా" అని ఆయన కూర్చున్నాడు. కండువాతో మొహం తుడుచుకోవడం నేను చూశాను. నాకు మావయ్య గుర్తొచ్చి అటు చూశాను. ఈ పార్కు వెనక్కి పోతే ఆయన మళ్లీ ఆ కిటికీ దగ్గరికే. ఆయన కొత్త చొక్కా కాలరు సర్దుకుంటూ అత్తయ్యనే చూస్తున్నాడు. "కానియ్యి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట ఆయన చెప్పడం, ఆవిడ వినడం కూడా అదే మొదటిసారి అనుకుంటాను.

అత్తయ్య మళ్లీ ఇంజనీరుగారి వైపు తిరిగింది.

"బాబూ, మంచినీళ్ల కుళాయి దుకాణమా?"

"కాదండీ. సౌకర్యం."

"మరుగుదొడ్డి?"

"అదీ సౌకర్యమేనండీ."

"మరి గాలిపంపు?"

ఇంజనీరుగారు మేయరమ్మ వైపు చూశాడు. మేయరమ్మ ప్లాను వైపు చూసింది. తర్వాత ఆయనే జేబులోంచి పెన్సిలు తీసి, గులాబీలను ఓ పక్కకు జరిపి, సైకిళ్ల దారి వారగా చిన్న గది గీశాడు. పైన కప్పు, ముందు తొట్టి. "సైకిళ్ల మరమ్మతు కేంద్రం. సంస్థ తరఫున. నడిపేది ఈయనే" అన్నాడు. మేయరమ్మ అక్కడికక్కడే సంతకం పెట్టింది. అప్పుడు దిగింది వేలు.

ఇంటికి వెళ్లాక ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"మీకిప్పుడు తెలిసిందా? మన పెళ్లిరోజు పొద్దుట్నుంచీ నేనేం తినలేదు. కాళ్లు తేలిపోతున్నాయి. కొత్త పెళ్లికూతుర్ని, ఆకలేస్తోందని ఎవరితో చెప్పను? ఆవిడ ఒక్కసారి నా మొహం చూశారు. అంతే, వేలు లేచింది."

"మరి నాతో ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఆవిడే చెప్పొద్దన్నారు. చెప్తే అభ్యంతరమట."

మా అత్తయ్య మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ పుట్టలేదు. ఆ రాత్రి ఆల్బమ్ తీసి, వేలున్న ఫొటోను మొదటి పేజీలోకి మార్చాను.

పార్కు తయారైంది. ప్రారంభోత్సవం రోజు ఏటిగట్టు వీధిలో లారీ చప్పుడు లేదు. ఏరు పారే చప్పుడు మా ఊరివాళ్లు చాలామంది ఆ రోజే విన్నారు. రిబ్బను కట్టారు. మేయరమ్మ ఉపన్యాసం మొదలుపెట్టింది. అది ఎంతకూ తెమలడం లేదు. ఎండెక్కుతోంది. మావయ్య కొత్త చొక్కాలో, ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. రిబ్బను కత్తిరిస్తే తప్ప అవతల బెంచీ దగ్గరికి పోవడానికి లేదు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ వేలు నెమ్మదిగా కదులుతోంది. కానీ అంతలోనే ఇంకోచోట ఒక చెయ్యి లేచింది. మసి చెయ్యి.

"అమ్మా, నాకో... నాకో అభ్యంతరం ఉందండీ" అన్నాడు పంక్చరాయన. మావయ్య వైపు చూపించాడు. "ఆ పెద్దాయనకు మోకాలు నొప్పి. ముందు ఆయన్ని కూర్చోనివ్వండి. ఉపన్యాసం తర్వాత విందాం."

జనం చప్పట్లు కొట్టారు. మేయరమ్మ నవ్వేసి, కత్తెర తీసుకెళ్లి మావయ్య చేతిలోనే పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ రిబ్బనును "అభ్యంతరం లేదుగా?" అని అడిగి, కత్తిరించాడు.

అత్తయ్య మాత్రం పంక్చరాయన దగ్గరికి వెళ్లి నిలబడింది. "అభ్యంతరం చెప్పేవాడు అంత నసుగుతాడా? నాలుగో వరసకైనా వినబడాలి కదా? నేర్చుకో."

"అలాగేనమ్మా" అన్నాడాయన, పళ్లన్నీ బయటపెట్టి.

మావయ్య మెల్లగా నడిచి, వెనక ఆసరా ఉన్న బెంచీకి నడుము ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా ఏరు, మధ్యలో ఏమీ లేదు. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఎంతసేపటికీ వేలు లేవలేదు. నాకే భయం వేసి వెనకనుంచి అడిగాను.

"ఏం అత్తయ్యా, ఏమైనా అభ్యంతరమా?"

ఆవిడ ఏటిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరీక్షగా చూసింది. వేలికున్న ఇత్తడి తొడుగు తీసి కొంగున ముడేసుకుంది.

"ఆగరా, చూడనీ. తర్వాత చెప్తా."