మూడో నెల నిండేదాకా

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదనుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో శిక్షణ సర్టిఫికెట్టు, భుజాన మందుల సంచి, వేలికి కొత్త పెళ్ళి ఉంగరం ఉంటే ఏ పిల్లయినా అలాగే అనుకుంటుందేమో. నాగాయలంక దాటి ఆటోలో ఇంకాస్త వెళ్తే వచ్చే చేపలు పట్టేవాళ్ళ ఊరొకటి నాకు అప్పగించారు. నర్సు ఉద్యోగం. మా ఆయన గుడివాడలో బడిపంతులు. నేను నాగాయలంకలో చిన్న గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి గుడివాడ వెళ్ళి, సోమవారం తెల్లవారుజామునే మళ్ళీ తిరుగు బస్సు ఎక్కేదాన్ని. పెళ్ళయి ఐదు నెలలైనా కాపురం చేసిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని మా ఆయన దిగులుపడేవాడు. (ఆయన లెక్కల పంతులే. అయినా కొన్ని లెక్కలు ఆయనకూ నాకూ కూడా అందలేదు.)

నా ఉద్యోగంలో ముఖ్యమైన పని, ఊళ్ళో నీళ్ళోసుకున్న ప్రతి మనిషి పేరూ మూడో నెల నిండకముందే రిజిస్టరులో రాయడం. ఆ ఊరి పద్ధతేమో సరిగ్గా దానికి ఎదురు. మూడో నెల్లో పుట్టింటివాళ్ళు దొంగ చలిమిడి తెచ్చి, చప్పుడు చెయ్యకుండా పిల్ల కొంగులో పెట్టి వెళ్ళిన తర్వాతే కబురు గడప దాటేది. అంతకుముందు ఎంత అడిగినా "ఏం లేదమ్మా, ఎండకి తల తిరిగింది" అనేవాళ్ళు. వానాకాలంలో కూడా ఎండకే తిరిగేది. నెలాఖరు మీటింగులో మా సూపర్‌వైజర్ మేడం నా రిజిస్టరు తిరగేసి, "ఏమ్మా, మీ ఊళ్ళో ఆడవాళ్ళకి మొదటి మూడు నెలలు ఉండవా? తిన్నగా నాలుగో నెల్లోనే మొదలుపెడతారా?" అని అడిగేవారు. గదిలో అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మంటంతా బుధవారం అంగన్‌వాడీలో తీర్చుకునేదాన్ని. నెలనెలా కడుపులో బిడ్డ ఎలా ఉంటుందో, తల్లి ఒంట్లో ఏం మారుతుందో చూపించే పటాలు నా దగ్గర ఉండేవి. వాటిని గోడకి తగిలించి, కర్ర పట్టుకుని, ఒక్కో పటం ముందూ ఊదరగొట్టేదాన్ని. నా ముందు కూర్చున్నవాళ్ళలో నలుగురైదుగురు పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. వాళ్ళకి నేను కడుపు గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా పాపం, కాళ్ళు చాపుకుని, మర్యాదగా వినేవాళ్ళు.

ఒక బుధవారం రెండో నెల పటం దగ్గరున్నాను. "ఈ నెలలో వేవిళ్ళు మొదలవుతాయి. వాసనలు పడవు. రొమ్ములు బరువెక్కుతాయి. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రొస్తుంది. కారణం లేకుండా ఏడుపొస్తుంది" అని చెబుతుండగా, ఊరూరూ తిరిగి చేపలమ్మే ముసలామె వచ్చి, ఎండుచేపల గంప గుమ్మంలో దించింది. ఊరంతా ఆవిణ్ణి గంప మామ్మ అనేవారు. గంప నేలకి తగిలిందో లేదో, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. మొహం కడుక్కుని తిరిగొచ్చి, "పొద్దున బస్టాండులో పునుగులు తిన్నాను, అవి పడలేదు" అన్నాను. కొంగులన్నీ నోళ్ళమీదికి వెళ్ళాయి.

"ఆ బొమ్మ సంగతి తర్వాత, ఇటు తిరుగమ్మా" అంది మామ్మ. నా కనురెప్పలు కిందికి లాగి చూసింది, మెడ చూసింది. "నెల తప్పి ఎన్నాళ్ళయింది?"

ఊళ్ళో అందరి తేదీలూ నాకు నోటికొచ్చు. ఎవరికి ఎప్పుడు నెల తప్పిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నా తేదీ మాత్రం గుర్తు రాలేదు. "ప్రయాణాల వల్ల కూడా ఆలస్యం అవుతుందండి, పుస్తకంలో ఉంది" అన్నాను.

"ఆ పెయాణం ఆదివారాలు చేసినట్టున్నావులే" అంది మామ్మ. ఇక ఆ నవ్వులు ఆపడం నా తరం కాలేదు.

అంగన్‌వాడీ వెనక స్నానాలగదిలో నా సంచిలోని కడుపు పరీక్ష కిట్టు నామీదే వాడితే రెండు గీతలూ దర్జాగా వచ్చాయి. బయటికొచ్చి, "చూశారా, ఏమీ లేదు" అని చెప్పాను. ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియలేదు. ఆ ఆదివారం గుడివాడలో చెప్పగానే మా అత్తగారు ప్రార్థన చేసి, నా తల నిమిరి, "దిష్టి లాంటివి మనం నమ్మమమ్మా. కానీ మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పమాక" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. ఊరందరికీ ఉపన్యాసాలు దంచిన నోటితోనే.

ఆ తర్వాత ఆరు వారాలు నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. జాకెట్టు హుక్కులు పట్టక పిన్నీసులు పెట్టుకుని, పైన కొంగు కప్పుకునేదాన్ని. అంగన్‌వాడీ పిల్లలకి వండే బియ్యంలోంచి గుప్పెడు తీసి నములుతుంటే వంటచేసే ఆయమ్మ మొహం తిప్పుకుని చాటలో రాళ్ళు ఏరేది. మెడ నల్లబడితే ఎండ అన్నాను. పటం ముందు నిలబడి ఆవలిస్తే ఉక్క అన్నాను. ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు, తెలుసని నాకు తెలుసు. మర్యాదకి ఎవరూ పైకి అనలేదు, అంతే.

అప్పుడే గంప మామ్మ మనవరాలి సంగతి నా కంట పడింది. ఏడాది కిందట ఆ పిల్లకి మూడో నెల్లోనే కడుపు పోయింది. ఎవరికీ చెప్పలేదు గనక ఎవరూ సమయానికి చూడలేదు, నెత్తురు పోయి స్పృహ తప్పాక మచిలీపట్నం తీసుకెళ్ళారట. ఇప్పుడు మళ్ళీ మొహం పాలిపోయింది, నీళ్ళబిందె ఎత్తితే ఆయాసపడుతోంది. ఈసారీ ఆలస్యమైతే ఆ పిల్లే దక్కదేమోనని నాకు దడ పుట్టింది. వాళ్ళింటికెళ్ళి చాపమీద కూర్చుని, "దాచుకుంటే ఏమొస్తుంది? రక్తం చూపించుకో, మాత్రలు వేసుకో, నా దగ్గర పేరు రాయించుకో" అని గట్టిగా కేకలేశాను.

ఆ పిల్ల నా కొంగు చాటున ఉన్న పిన్నీసుల వంక చూసి, చాలా మెల్లిగా అడిగింది. "మరి మీరు రాయించుకున్నారాండీ?"

ముందు కోపం వచ్చింది. తర్వాత కోపం రావడానికి ఏమీ మిగల్లేదు. "లేదు" అన్నాను. "భయమేసింది."

"నాకూ అంతేనండి. పేరు రాస్తే మళ్ళీ పోద్దేమోనని."

రిజిస్టరు తీసి, ముందు నా పేరు రాశాను. నెల అన్నచోట నాలుగు అని వేశాను. కింద ఆ పిల్ల పేరు రాసి, రెండు అని వేశాను. ఇద్దరం కాసేపు ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాం. ఏమీ జరగలేదు. మర్నాడే ఆ పిల్లని రక్తపరీక్షకి తీసుకెళ్తే, రక్తం మరీ తక్కువుందని, ఇంకో నెల ఆగితే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరుగారు నన్నే చివాట్లు పెట్టారు.

నెలాఖరు మీటింగులో మేడం వేలు ఒకచోట ఆగింది. "మళ్ళీ నాలుగో నెలా? ఎవరీవిడ?"

"నేనేనండి."

మేడం కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత నాకొక్కదానికే వినబడేలా, "మా పెద్దాడప్పుడు నేనూ ఐదో నెల దాకా చెప్పలేదులే" అన్నారు.

నాకు పాప పుట్టి మూడో నెల నిండాక, ఇంకా సెలవుమీద గుడివాడలోనే ఉండగా గంప మామ్మ రెండు బస్సులు మారి వచ్చింది. బాలింతకి పాలు పడతాయని పాలసొర చేప తెచ్చి, మా అత్తగారి వంటింట్లో తనే పిట్టు వండింది. మనవరాలికి నిండునెలల్లో మగపిల్లాడట, తల్లీబిడ్డా క్షేమమట. నేను మంచంమీద కాస్త నిటారుగా కూర్చుని, "నేను చెప్పబట్టే కదా మామ్మా" అన్నాను. (అప్పటికీ బుద్ధి రాలేదు.)

మామ్మ నా నోట్లో ముద్ద పెట్టి, "నువ్వు చెప్పినందుకు కాదమ్మా. నువ్వూ భయపడ్డానన్నావు చూడు, అందుకు రాయించుకుంది" అంది.

అది వినగానే ఏడ్చేశాను. బాలింతలకి అలాగే వస్తుందని సర్దిచెప్పుకోవడానికి అప్పుడు పుస్తకం కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని. కొత్తగా చేరిన పిల్లలు, ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత చెప్పినా వినరని నాకు ఫిర్యాదు చేస్తుంటే, అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. నెల తప్పిన సంగతే తెలియని ఆ మొద్దుపిల్లని ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలని కూడా అనిపిస్తుంది.