పేలలేదనుకున్న తుపాకీ

ఈ సాయంత్రం కల్బా తోటలో, మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్న నక్క కోసం నన్ను ఇక్కడ పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ వాళ్ల నాన్న తన పాత తుపాకీ తీశాడు. మందు, గుండు గొట్టం మూతిలోంచి కూరే రకం. ముసలాయన చేతులు వణుకుతాయని కొడుకు దానికి రెండు కాళ్ల స్టాండు బిగించాడు.

ఆయన ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది గానీ పేలలేదు. స్టాండు కాలొకటి ఇసుకలో కుంగింది. సరిచేద్దామని గొట్టం ముందుకు వెళ్లాను.

"హట్ జా, అందర్ ఆగ్ హై," తప్పుకో, లోపల నిప్పుందని హిందీలో అరుస్తూ ఆయన నా చొక్కా పట్టి లాగాడు. అప్పుడు పేలింది. గుండు నా చెవి పక్కనుంచే పోయింది. ఆయన ఇసుకలో కూలబడి, వణికే చేతులతో నా తల తడిమి చూశాడు.

ఇందాక మా ఆవిడ ఫోన్ చేసింది.

"గొంతు గట్లున్నదేంది?"

"ఏం లేదు, దుమ్ము వోయింది," అన్నాను.

మీరైతే నిజం చెప్పేవారా?