బొటనవేలు దాచేవాడు

ఛత్రపురంలో కలెక్టరాఫీసు గేటు ముందు అర్జీలు రాసే రోజుల్లో నాకు చేతిరాత బాగుంటుందని పేరు. తలరాత సంగతి ఎవరూ అడగలేదు. గోపాలపూర్‌లో చేపలమ్మే ఒకావిడ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. ముప్పై ఏళ్లవాడు, బుద్ధి మాత్రం పసివాడిదని అందరూ అనేవారు. కాగితం కనబడితే చాలు, బొటనవేలు గుప్పిట్లో దాచేసేవాడు.

"మా సిన్నాన్న ఈడిసేత ఏలుముద్ర ఏయించీసి సగం ఇల్లు రాయించుకున్నాడు బాబూ. అప్పట్నించి ఏలు దాసుకోమని నానే నేర్పినాను," అంది అక్క.

మిగిలిన సగమైనా దక్కాలంటే, చట్టప్రకారం ఆమె అతనికి సంరక్షకురాలు కావాలి. "ఇతనికి మంచిచెడ్డలు తెలియవు" అని అర్జీలో గుండ్రంగా రాశాను. కింద అతని ముద్ర కూడా కావాలి. గుప్పిట తెరవడే!

"ఇది మన కాయితమేరా, ఎయ్యి," అని అక్క బతిమాలింది.

అతను నావైపు తిరిగాడు. "ఏటి రాసినావు? సదువు."

కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, "అక్క నిన్ను బాగా చూసుకుంటుందని రాశాను," అని చదివాను.

గుప్పిట మెల్లగా విచ్చుకుంది. ముద్ర చక్కగా పడింది.

అక్క కళ్లు తుడుచుకుంది. "సిన్నాన్న కూడా అచ్చం ఇలాగే సదివినాడు బాబూ," అంది.

తర్వాత ఆ సగం ఇల్లు నిలిచింది. ఆవిడ నన్ను మెచ్చుకుందో తిట్టిందో మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.