నల్ల బీరు, పసుప్పచ్చ బీరు, ఇద్దరు వియ్యంకులు

1969 చివర్లో, మద్యనిషేధం సడలించిన కొత్తలో, విజయనగరం రైలుస్టేషను దగ్గర ఒక చిన్న బారులో బేరర్‌గా చేరాను. బేరర్ అంటే బల్లల దగ్గర వడ్డించే మనిషి. మా దగ్గర రెండు రకాల బీరుండేది. లేగర్ పసుప్పచ్చగా, తేలిగ్గా ఉంటుంది. స్టౌట్ నల్లగా, చేదుగా ఉంటుంది. బార్లీని మాడేదాకా వేయిస్తారు, అందుకే ఆ రంగు. మేం అమ్మేవి రెండూ ఒకటే బలమనీ, నూటికి అయిదు పాళ్లు ఆల్కహాల్ అనీ కంపెనీ ఏజెంటు చెప్పాడు. నాకు లేగరే ఇష్టం. స్టౌట్ అడిగినవాణ్ణి చూస్తే ఇదేం ఖర్మరా అనుకునేవాణ్ణి, మనసులోనే లెండి.

ఒకరోజు తలుపులు తీస్తుండగానే నెల్లిమర్ల దగ్గరి రైతు సింహాచలం నాయుడు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. లేగర్ సీసా ఎత్తి వెలుగులో చూశాడు.

"ఇది ఏ పూట దించింది, బాబూ?"

నాకు నవ్వాగలేదు. పొద్దున్న దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి నిషా పెరుగుతుంది. ఆయన బీరునీ అదే లెక్కలో చూస్తున్నాడు. మూత బిగించాక సీసాని వేడినీళ్లలో ఉంచి, పులియబెట్టే ఈస్ట్‌ని చంపేస్తారనీ, దాన్నే పాశ్చరైజేషన్ అంటారనీ, ఇక ఏ పూటైనా బలం మారదనీ చెప్పాను.

"నవ్వకు బాబూ," అన్నాడు. "నిరుడు మా వియ్యంకుడికి మిట్టమద్దేనం కల్లు పోసేను. ఊరందరూ సూస్తుండగా నారుమడిలో పడిపోనాడు. కావాలనే పడేసేనని ఆయన కోపం. అప్పట్నుంచి మా పిల్లని పుట్టింటికి పంపనేదు. ఏడాదయిపోనాది. దాన్ని సూడక దాని తల్లి కూడు సయించక సిక్కిపోతన్నాది. రేపు ఆయన్ని బతిమాలి ఇక్కడికి తెస్తాను. తల తిరక్కుండా సూడు."

నా నవ్వు ఆగిపోయింది. "భోంచేసి రండి. చెరో గ్లాసే పోస్తాను" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. వియ్యంకుడు ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి, బుర్రమీసాల మనిషి. కూర్చోవడమే ఎడంగా కూర్చున్నాడు. ఎలాంటిది ఇష్టమని అడిగితే, "సేదుగా ఉండాల. తీపి నాకు పడదు" అన్నాడు. నా తెలివి మండా, గొప్ప పనివాణ్ణనిపించుకోవాలని ఆయనకి స్టౌట్, నాయుడికి లేగర్ పోసి పెట్టాను.

వియ్యంకుడు రెండు గ్లాసుల వంకా మార్చి మార్చి చూశాడు. మొహం ఎర్రబడింది.

"నువ్వు లేతది తాగి నాకు ముదురుది పోయించేవేటి, బావా? ఈపాలి ఎక్కడ పడెయ్యాలని?" అంటూ లేచాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "తప్పు నాది బాబూ, రంగే నలుపు, రెండింటి బలమూ ఒకటే" అని మొత్తుకుంటున్నాను. వినేవాడెవరు? నాయుడు వియ్యంకుడి ముందున్న నల్ల గ్లాసు లాక్కుని గడగడా తాగేశాడు. ఆ చేదుకి మొహం అష్టవంకర్లు తిరిగింది. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"బాబోయ్, ఇదేటి కషాయం! బావా, నాను పడిపోతే పడిపోనీ. నువ్వు సూసి నవ్వుకో. పిల్లని మాత్రం ఒక్కపాలి పంపు."

పడతాడేమోనని వియ్యంకుడు ఆయన్నే చూశాడు. నాయుడు పడలేదు, మొహం మాత్రం ఇంకా వంకర్లు పోతూనే ఉంది. వియ్యంకుడు ఫక్కున నవ్వేశాడు. నాయుడి ముందున్న లేగర్ తీసి ఒక గుక్క వేశాడు.

"ఇది సోడాలాగున్నాది. నాకు ఆ నల్లదే తే," అని నన్ను కేకేశాడు.

తెచ్చాను. మీసానికంటిన నురుగు తుడుచుకుంటూ నింపాదిగా తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"లచ్చివారం పిల్లని నానే తెస్తాను, బావా. నెల్రోజులుంచుకో. నాకు కల్లు మాత్రం పొయ్యకు."

నాయుడు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి, చెప్పడానికేం సిగ్గు?

తర్వాత కూడా ఆ పని చాలా ఏళ్లు చేశాను. ఎవరికేది ఇష్టమో కనిపెట్టడం మా వృత్తిలో పెద్ద విద్యే, కాదనను. కానీ మాటల్లేని ఇద్దరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే రుచుల సంగతి తర్వాత అడిగేవాణ్ణి. ముందు ఒకే సీసాలోంచి, ఇద్దరూ చూస్తుండగా, చెరో గ్లాసు పోసేవాణ్ణి.